నిరుటి గడిలో హత్య

ఉదయం తొమ్మిదీ పది.

డెంటల్ క్లినిక్ కుర్చీలో వెనక్కి వాలిన ముసలాయన నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకునే అవకాశం ఆయనకు రాలేదు.

తెల్లకోటు మనిషి ఎడమచేత్తో డ్రిల్లింగ్ మెషిన్ ఆన్ చేశాడు. గది నిండా గీమని మోత. కుడిచెయ్యి కోటు జేబులోంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో బయటికి వచ్చింది.

"ఇంకొంచెం పెద్దగా తెరవండి సార్," అన్నాడు మర్యాదగా.

ముసలాయన ఇంకొంచెం పెద్దగా తెరిచాడు.

తూటా అంగిట్లోంచి దూరి, కుర్చీ తలగడను చీల్చుకుని, వెనక గోడ మీదున్న పళ్ళ బొమ్మలో ఆగింది. ఉమ్మి వేసే తొట్టి ఎర్రబడింది. పక్కగదిలో అసలు డెంటిస్టు బీరువాకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, మెడ చుట్టూ బిగిసిన వైరుతో. ఆయన ప్రాణం పోయి అప్పటికే పావుగంట.

తెల్లకోటు మనిషి మెషిన్ ఆపాడు. వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా తీరిగ్గా కడుక్కున్నాడు. ఫోన్ తీసి ఒక్క మాట టైపు చేశాడు: "అయింది." మెట్లు దిగుతుంటే ఎదురొచ్చిన పేషెంటుకు, "డాక్టరుగారు లోపలే ఉన్నారు, వెళ్ళండి," అని దారి కూడా ఇచ్చాడు.

---

పదీ ఇరవై. బయట 'తూనికలు కొలతల శాఖ' అని బోర్డున్న పాత భవనం. మూడో అంతస్తు. కిటికీల్లేని గది.

"నాలుగు," అన్నాడు హెడ్డు.

హెడ్డు అంటే ఆ ఆఫీసుకు అధిపతి. బట్టతల, కడుపుమంట. బల్ల మీద ఫైళ్ళకన్నా మాత్రల సీసాలు ఎక్కువ. ఆయన ఎదురుగా వాటర్ ఫిల్టర్ కంపెనీ నీలం యూనిఫారంలో కూర్చున్నవాడు ఏజెంట్. ఎనిమిదేళ్ళుగా బయటి ప్రపంచానికి అతను ఫిల్టర్లు అమ్మి, రిపేర్లు చేసే మనిషి. ఆఫీసులో అందరూ అతన్ని 'ఫిల్టర్' అనే పిలుస్తారు. కట్టుకున్న భార్యకు కూడా ఆ ఫిల్టర్ల ఉద్యోగానికి మించి తెలియదు.

"ఈసారి కూడా తడి సబ్బు దొరికిందా?" అడిగాడు ఫిల్టర్.

"దొరికింది. సబ్బుగాడే." ఆ హంతకుడి అసలు పేరు ఏ దేశం ఫైల్లోనూ లేదు. చంపిన ప్రతిచోటా చేతులు కడుక్కుని పోతాడు కాబట్టి ఆ పేరు పెట్టారు. "మన నౌకాదళం రహస్య లిపిలో సందేశాలు పంపే సైఫర్‌ను పాతికేళ్ళ కిందట ఐదుగురు కలిసి తయారుచేశారు. దాని తాళం ఒకటి బయటి దేశపు ముఠా చేతికి చిక్కింది. తాళం మార్చాలంటే ఆ ఐదుగురిలో కనీసం ఒకరు బతికుండాలి. ఇక మిగిలింది ఒక్కరు."

"ఆ ఒక్కరి పేరు చెప్పండి. ఇప్పుడే వెళ్ళి గుమ్మం ముందు కూర్చుంటాను."

"నాకు తెలిస్తే కదా."

"మరెవరికి తెలుసు?"

"పైన సీలు వేసిన ఫైల్లో ఉంది. విప్పాలంటే ముగ్గురు సంతకం పెట్టాలి. అందులో ఒకాయన విమానంలో ఉన్నాడు. సాయంత్రం దిగుతాడు."

"దొంగలకు తెలుసు, మనకు తెలియదు."

"చచ్చిపోగానే చెబుతార్లే," అన్నాడు హెడ్డు, ఒక మాత్ర నోట్లో వేసుకుంటూ.

గోడ మీది స్క్రీన్‌లో ఒక బ్లాగ్ కనిపిస్తోంది. పేరు 'కుండీ కబుర్లు'. మేడ మీద మొక్కలు పెంచుకునేవాళ్ళ కోసం రాసే బ్లాగ్. దాన్ని నడిపే ఆవిడకు వేలమంది అభిమానులు. వాళ్ళు ఆవిడకు పెట్టుకున్న పేరు మొక్కలరాణి. రెండు నెలల కిందట ఆవిడే ఈ ఆఫీసు తలుపు తట్టింది. ముఠా తన బ్లాగ్ ద్వారానే హంతకుడికి ఆర్డర్లు పంపుతోందనీ, తనకు భయంగా ఉందనీ, వాళ్ళతో ఉంటూనే ఈ ఆఫీసుకు సాయం చేస్తాననీ చెప్పింది. సంకేతాలు కొత్త పోస్టుల ఫోటోల్లో ఉంటాయంది. అప్పట్నుంచి ఆరుగురు ఆఫీసర్లు పగలూ రాత్రీ కుండీల ఫోటోలు చూస్తున్నారు. ఇప్పుడు వాళ్ళకు ప్రతి మొక్క పేరూ తెలుసు. హత్య ఎప్పుడు జరుగుతుందో మాత్రం తెలియదు.

తలుపు తోసుకుని రోస్టరమ్మ లోపలికి వచ్చింది, చంకలో కాగితాల చుట్టతో. ఇరవై రెండేళ్ళు ఆ ఆఫీసులో అందరి డ్యూటీలూ సెలవులూ రాసిన మనిషి. ఏ సంగతైనా ముప్పై గళ్ళలో పెడితే తప్ప ఆవిడకు అర్థం కాదు. ఈ మధ్యే ఈ విభాగానికి మార్చారు. వచ్చిన రోజే, "ఆ ఫోటోలు నావల్ల కాదు సార్," అని తన పద్ధతి తాను మొదలుపెట్టింది. కొన్ని బ్లాగులు తమ పోస్టుల జాబితాను క్యాలెండర్ ఫీడ్‌గా కూడా ఇస్తాయి. దాన్ని కంప్యూటర్ క్యాలెండర్‌కు ఒకసారి కలిపితే చాలు, ప్రతి పోస్టూ దాని తారీఖు గడిలో వచ్చి కూర్చుంటుంది, గంటా నిమిషంతో సహా.

"సార్, ఇది చూడండి." రెండు కాగితాలు బల్ల మీద పరిచింది. "ఇది పోయిన నెల ప్రింటు తీసింది. నిరుటి ఫిబ్రవరి. మూడో తారీఖు గడి ఖాళీ. ఇది ఇవాళ పదింటికి తీసింది. అదే ఫిబ్రవరి, అదే మూడు. ఎంట్రీ ఉంది."

"నిరుటి గడి ఇవాళ ఎలా నిండుతుందమ్మా?"

"నాకూ అదే ఒళ్ళు మండింది. నిరుడు డ్యూటీకొచ్చి సంతకం పెట్టినవాడు, ఇవాళొచ్చి ఆ రోజు సెలవులో ఉన్నానన్నట్టుంది. పోస్టు ఇవాళే పెడుతున్నారు సార్, తారీఖు మాత్రం పాతది వేస్తున్నారు. బ్లాగ్ మొదటి పేజీలో కొత్తవే కనబడతాయి. ఇది ఎక్కడో నిరుటి పేజీల అడుగున పడిపోతుంది. ఎవరూ చూడరు. ఆ సంగతి తెలిసినవాడు తప్ప."

ఫిల్టర్ ముందుకు వంగాడు. "టైము ఎంత వేశారు?"

"తొమ్మిదీ పది."

హెడ్డు మాత్రల సీసా పక్కకు జరిపాడు.

"తారీఖేమో," రోస్టరమ్మ గొంతు తగ్గింది, "పొద్దున పోయినాయన పుట్టినరోజు. ముందు ముగ్గురివీ వెతికాను. నా పాత ప్రింట్లలో దొరికాయి. తారీఖు మనిషి, టైము చావు."

"వాళ్ళ ఇళ్ళు, దినచర్యలు, అపాయింట్‌మెంట్లు అన్నీ సబ్బుగాడి దగ్గర ముందే ఉంటాయి," అన్నాడు హెడ్డు నెమ్మదిగా. "ఎవర్ని, ఎన్నింటికి అన్నదే కావాలి. మరి పొద్దునే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మన క్యాలెండర్ ఆ ఫీడ్‌ను ఆరుగంటలకోసారి తెచ్చుకుంటుంది సార్. తెల్లవారి నాలుగింటికొకసారి, పదింటికొకసారి." ఆవిడ కాగితాలు మళ్ళీ చుట్టింది. "పెద్దాయన మధ్యలో పోయారు. ఇకనుంచి రిఫ్రెష్ బటన్ మీంచి వేలు తియ్యను."

హెడ్డు ఫిల్టర్ వైపు తిరిగాడు. "రాణిగారు రెండు నెలలు మనతో కుండీలు లెక్కపెట్టించింది. ఎందుకో అడిగి రా. ముందు మర్యాదగా అడుగు."

"తర్వాత?"

"తర్వాత నీ ఇష్టం."

---

మొక్కలరాణి నర్సరీ ఊరి చివర అద్దాల షెడ్డు. లోపల ఉక్క, తడిమట్టి వాసన. ఎర్ర లిప్‌స్టిక్, నల్లకళ్ళద్దాలు, ఒంటికి అతికినట్టున్న ఆకుపచ్చ సిల్కు. ఆవిడ కుండీల మధ్య నిలబడితే కొనడానికి వచ్చినవాళ్ళు మొక్కల సంగతి మర్చిపోతారు.

"ఫిల్టర్ మార్చాలన్నారట మేడమ్," అన్నాడు ఫిల్టర్. అది కోడ్.

"నీళ్ళు బాగానే ఉన్నాయి. మనుషులే చెడిపోయారు," అంది ఆవిడ. అదీ కోడే. దగ్గరికి వచ్చి అతని కాలర్ సర్దింది. "చాలా రోజులైంది. నా మీద బెంగ పెట్టుకుని వచ్చావా, పనిమీద వచ్చావా?"

ఫిల్టర్ ఆవిడ చేతివేళ్ళు చూశాడు. మొక్కలు పెంచే మనిషి గోళ్ళలో చిటికెడు మట్టి లేదు.

"నిరుడు ఫిబ్రవరి మూడున ఏం రాశారు మేడమ్?"

ఆవిడ నవ్వు చెదరలేదు. కానీ ఉండాల్సినదానికన్నా ఒక క్షణం ఎక్కువసేపు ఉంది.

"నిరుటి సంగతి నాకేం గుర్తుంటుంది?" అంటూ స్తంభానికున్న స్విచ్ నొక్కింది.

పైపుల్లోంచి బుస్సుమని నీటితుంపర దిగింది. షెడ్డంతా పొగమంచులా తెల్లబడింది. ఆ తెలుపులోంచి కొమ్మలు కత్తిరించే పెద్ద కత్తెర ఒకటి ఫిల్టర్ మెడ మీదికి వచ్చింది. అతను పక్కకు ఒరిగాడు. కత్తెర ఎడమ భుజంలోకి దిగి ఎముకను గీరింది. నొప్పిని తర్వాత చూసుకోవచ్చు. అతను కత్తెర పట్టుకున్నవాడి చేతిని మోచేతి దగ్గర అడ్డంగా విరిచాడు. ఫట్‌మని చప్పుడు. మనిషి గావుకేక పెట్టి వెనక్కి తూలి, తీగల కోసం పాతిన ఇనుప ఊచల మీద పడ్డాడు. రెండు ఊచలు పొట్టలోంచి పైకి వచ్చాయి. కేక ఆగిపోయింది.

రెండోవాడు వెనకనుంచి వచ్చి పార ఎత్తాడు. ఫిల్టర్ కిందికి కూలబడి వాడి మోకాలి మీద తన్నాడు. వాడు ముందుకు పడగానే జుట్టు పట్టుకుని ఎరువు కలిపిన నీళ్ళతొట్టిలో ముంచాడు. బుడగలు వచ్చాయి. ఇంకా వచ్చాయి. తర్వాత రాలేదు.

తుంపర ఆగేసరికి మొక్కలరాణి లేదు. బయట కారు వెళ్ళిపోయిన మట్టిధూళి మాత్రం ఉంది.

భుజానికి గుడ్డ కట్టుకుంటుండగా ఫోన్ మోగింది. పదకొండూ నలభై రెండు.

"బాబూ, గళ్ళు కదిలాయి!" రోస్టరమ్మ. "రెండు నిమిషాలైంది. ఫిబ్రవరి మూడు ఎంట్రీ ఇప్పుడు పోయింది. ఇవాళ్టి గడిలో కొత్త పోస్టు పడింది, గులాబీలకు పురుగుమందుట. దాంతోపాటే నిరుటి ఆగస్టు పంతొమ్మిదిలో ఒకటి వచ్చింది. టైము పన్నెండున్నర."

"ఆగస్టు ఎంత?"

"పంతొమ్మిది. ఆ రోజు పుట్టినవాళ్ళు ఊళ్ళో ఎంతమందుంటారో! ఎలా పట్టుకుంటాం బాబూ?"

ఫిల్టర్ ఫోన్ పెట్టేశాడు. భుజం లోంచి కారుతున్న నెత్తురు ఒక్కసారిగా చల్లబడినట్టయింది.

నిరుడు ఆగస్టు పంతొమ్మిదిన అతను సరిహద్దు అవతల ఒక గోదాములో తలకిందులుగా వేలాడుతున్నాడు. ఆ తారీఖు మర్చిపోయాడు. తన పుట్టినరోజు మర్చిపోయినందుకు అత్తగారు మూడు నెలలు మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడింది. ఆ మూడు నెలలే నయమనిపించింది.

భార్యకు ఫోన్ చేశాడు.

"ఏవండీ, ఈ టైములో ఫోనేంటి?"

"మీ అమ్మ ఎక్కడుంది?"

"కళ్ళ డాక్టరు దగ్గర. పన్నెండింటికి అపాయింట్‌మెంటు. మీరే తీసుకెళ్తానని, మీరే మానేశారు కదా. పొద్దున్నే ఎవరింట్లోనో ఫిల్టర్ పగిలిందన్నారు."

"మీ అమ్మ రిటైరవకముందు ఏం చేసేది?"

"లెక్కల టీచరు. తెలియనట్టు అడుగుతారేంటి?"

"ఏ స్కూల్లో?"

"అదేంటో... నన్నెప్పుడూ తీసుకెళ్ళలేదు. ఎందుకండీ?"

"ఏం లేదు. గ్యారంటీ కార్డులో రాయాలి."

అత్తగారి నంబరు కొట్టాడు. స్విచాఫ్. వ్యాన్ స్టార్ట్ చేస్తూ హెడ్డుకు చేశాడు.

"నీళ్ళెలా ఉన్నాయి?" అడిగాడు హెడ్డు.

"చేదు. మహా చేదు." ఆ మాటకు అర్థం, ఉన్నవాళ్ళందర్నీ పంపమని. "ఐదో మనిషి మా అత్తగారు. కళ్ళ డాక్టరు దగ్గరుంది."

అటువైపు మాత్రల సీసా కిందపడిన చప్పుడైంది. "మనవాళ్ళు రావడానికి గంట పడుతుందిరా!"

"అయితే శవాలు ఎత్తడానికి రమ్మనండి," అని ఫిల్టర్ గేరు మార్చాడు.

---

పన్నెండూ ఇరవై ఏడు. కిందంతా చెప్పుల దుకాణాలు, పైన టైపింగ్ ఇన్‌స్టిట్యూట్, మధ్యలో కళ్ళ క్లినిక్. మెట్ల నిండా మనుషులు. ఫిల్టర్ టూల్‌బాక్స్ పట్టుకుని వాళ్ళను తోసుకుంటూ ఎక్కాడు. యూనిఫారం మీది నెత్తురు చూసి ఎవరో, "ఏమైందండీ?" అన్నారు. "తుప్పు నీళ్ళు," అన్నాడు.

వెయిటింగ్ రూం ఖాళీ. 'భోజన విరామం' అన్న అట్ట తగిలించి ఉంది. కౌంటర్ వెనక రెండు పాదాలు కదలకుండా ఉన్నాయి, ఒక దానికి చెప్పు లేదు. గాలిలో సబ్బు వాసన.

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. ఆ గొంతు విని సంతోషపడటం అతనికి జీవితంలో అదే మొదటిసారి.

"ఏమయ్యా, అరగంట నుంచి చుక్కలు వేస్తూనే ఉన్నావు. నా కళ్ళా, కుండీలా?"

"ఇంకో రెండు నిమిషాలమ్మా."

"అమ్మా అనకు. నాకున్నది ఒక్క కూతురు. ఒక అల్లుడు. ఆయనే ఎక్కువ."

వాడు ఎందుకు ఆగుతున్నాడో ఫిల్టర్‌కు తెలుసు. ఎదుటి వీధిలోని మిల్లు సైరన్ సరిగ్గా పన్నెండున్నరకు మోగుతుంది. ఆ మోతలో పిస్టల్ పేలినా కింద దుకాణాల్లో ఎవరికీ వినబడదు. అతను టూల్‌బాక్స్‌లోంచి నీళ్ళు టెస్ట్ చేసే మీటరు తీశాడు. చివర రెండు సూదులు. ఆఫీసు వర్క్‌షాపులో తయారైన సరుకు. ఒక్క పోటుకు ఎద్దునైనా పడగొట్టే కరెంటు.

సైరన్ మొదలైంది. ఫిల్టర్ తలుపు తన్నాడు.

సబ్బుగాడు తెల్లకోటులో ఉన్నాడు. పిస్టల్ అత్తగారి కణతకు బెత్తెడు దూరంలో ఉంది. వాడు మెరుపులా తిరిగి కాల్చాడు. తూటా ఫిల్టర్ చెవి తమ్మెను ఎగరేసుకుపోయింది. అతను ఆగకుండా వెళ్ళి మీటరు సూదుల్ని వాడి మెడలో దించి బటన్ నొక్కాడు.

ఏమీ కాలేదు.

బ్యాటరీ అయిపోయింది. పోయిన ఆదివారం అత్తగారింట్లో నీళ్ళు బాగాలేవంటే అదే మీటరుతో అరగంట నిజంగానే టెస్ట్ చేశాడు.

సబ్బుగాడు పళ్ళు బయటపెట్టి, పిస్టల్ పిడితో అతని భుజం గాయం మీద కొట్టాడు. కళ్ళ ముందు నల్లబడింది. ఇద్దరూ లెన్సుల బల్ల మీద పడ్డారు. వందల గాజుబిళ్ళలు నేలమీద టపటపా దొర్లాయి. వాడు మీదెక్కి గొంతు పట్టుకున్నాడు. ఆ చేతులు ఎంత శుభ్రంగా ఉన్నాయో! ఫిల్టర్ చెయ్యి గాలిలో వెతికింది. కళ్ళు పరీక్షించే బరువైన యంత్రం తగిలింది, గోడనుంచి ఇనుప చేతికి వేలాడుతోంది. దాన్ని వెనక్కి లాగి వదిలాడు. దవడ పగిలిన చప్పుడు సైరన్‌లో కూడా వినబడింది. వాడు పక్కకు ఒరిగాడు. ఫిల్టర్ నేలమీది పగిలిన అద్దం ముక్క తీసి వాడి గొంతులో దించి తిప్పాడు. వేడి నెత్తురు మోచేతి దాకా వచ్చింది. ఈసారి వాడు చేతులు కడుక్కోలేదు.

సైరన్ ఆగింది.

"ఎవరది?" అంది అత్తగారు. కుర్చీలోంచి కదల్లేదు. చుక్కల వల్ల కంటిపాపలు పెద్దవై, ఎదురుగా ఉన్నది ఏదీ తెలియడం లేదు.

"నేనే అత్తయ్యగారూ."

"ఇప్పటికి తీరిందా అల్లుడుగారూ? అపాయింట్‌మెంటు పన్నెండింటికి."

అద్దాల బీరువా వెనక హైహీల్స్ చప్పుడైంది. ఆకుపచ్చ సిల్కు మీద తెల్లకోటు. చేతిలో చిన్న పిస్టల్. చివరి పని కాబట్టి కళ్ళారా చూసి రమ్మని మొక్కలరాణికి పైనుంచి ఆర్డర్.

"కదలకు," అంది ఫిల్టర్‌తో, గురిని అత్తగారి తలవైపు మారుస్తూ.

అత్తగారికి ఆ గొంతు ఎక్కడుందో చెవులు చెప్పాయి. అరగంట నుంచి ఆ కుర్చీలో కూర్చుని ఉంది. కాలికింద పెడల్ ఉందనీ తెలుసు. తొక్కింది. కుర్చీ ధబ్‌మని కిందికి దిగింది. తూటా ఆవిడ జుట్టుముడి మీదుగా వెళ్ళి అక్షరాల బోర్డులో పెద్ద అక్షరాన్ని చిల్లుపొడిచింది. రెండో తూటాకు ముందే ఫిల్టర్ మొక్కలరాణిని గోడకు గుద్దాడు. పిస్టల్ జారింది. జేబులోంచి తీసిన బేడీతో ఆవిడ చేతిని నేలలో బిగించిన కుర్చీ ఇనుప కాలికి తగిలించాడు.

"తాళం తియ్యి!" మొక్కలరాణి కేక పెట్టింది. మొదటిసారి ఆ గొంతులో వగలు లేవు. "బీరువా అడుగు సొరుగు చూడు! ముప్పై ఐదుకు పేలుతుంది!"

పన్నెండూ ముప్పై రెండు. ఫిల్టర్ సొరుగును వేలెడంత తెరిచాడు. మైనం రంగు పొట్లాలు. మొత్తం భవనానికి సరిపోతాయి. వాటి మధ్య ఒక ఫోన్. దాని తెర మీద క్యాలెండర్. నిరుటి ఆగస్టు. పంతొమ్మిదో గడి నిండి ఉంది.

"ముట్టుకుంటే పేలుతుంది. ఆ ఫోన్ నా బ్లాగ్ ఫీడ్ చదువుతుంది. పని అయ్యాక పోస్టు చెరిపేయాలని రూలు. ముప్పై ఐదుకు ఎంట్రీ ఇంకా ఉంటే, మేం ఓడిపోయినట్టు లెక్క, అప్పుడు భవనంతో పాటే ఈవిడా పోతుంది."

"అయితే చెరుపు." ఆవిడ ఫోన్ ఆవిడ చేతికే ఇచ్చాడు, తన ఫోన్‌లో రోస్టరమ్మను స్పీకర్ మీద పెట్టాడు. పైన టైపింగ్ మెషిన్ల చప్పుడు. కింద ఎవరో చెప్పుల బేరం. వాళ్ళందర్నీ దించడానికి టైము లేదు.

మొక్కలరాణి నొక్కింది. "చెరిపేశాను. తియ్యి తాళం!"

"రోస్టరమ్మా?"

"పోలేదు బాబూ." బటన్ నొక్కుతున్న టకటక వినబడుతోంది. "గడి అలాగే నిండి ఉంది."

సొరుగులోని తెర కూడా అదే చెబుతోంది.

"అబద్ధం! చూడు, పోస్టే లేదు!" మొక్కలరాణి మొహం మీద చెమటకు కాటుక కారిపోయింది.

"ఏమ్మా, పొద్దుట పెద్దాయన పోస్టు ఎప్పుడు చెరిపావు?" అడిగింది రోస్టరమ్మ.

"తొమ్మిదీ పన్నెండుకి!"

"నా గడిలోంచి అది పదకొండూ నలభైకి పోయింది. నువ్వు ఈ నిరుటి తారీఖుదీ, దాని పైన కప్పడానికి గులాబీలదీ పెట్టాకే."

పన్నెండూ ముప్పై మూడు. అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుంది. చూపులేని కళ్ళు పైకి తిరిగాయి, ఏదో లెక్క చూసుకుంటున్నట్టు.

"అంటే చెరిపితే ఫీడ్ కదలదు. కొత్త పోస్టు పడితేనే మళ్ళీ తయారవుతుంది. ప్రతిసారీ పాత తారీఖుది పెట్టి, పైన కప్పడానికి కొత్తదొకటి పెట్టావు కాబట్టి నీ ఆర్డర్లు బయటికెళ్ళాయి. నన్ను చంపినా ఈ బాంబు పేలేదే! ఇంత మాత్రం చూసుకోకుండా తిరుగుతున్నారా? ఎవరే నీకు చదువు చెప్పింది?"

"అత్తయ్యగారూ!"

"కొత్త పోస్టు పెట్టండి అల్లుడుగారూ. నాకు అక్షరాలు కనబడవు."

ఫిల్టర్ ఫోన్ లాక్కున్నాడు. నెత్తుటి వేలు తెర మీద జారింది. యూనిఫారానికి తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. కొత్త పోస్టు. ఖాళీ పేజీ.

"ఏం రాయాలి?"

"ఏదో ఒకటి రాయి!" మొక్కలరాణి బేడీని గుంజుతూ అరిచింది. "ఖాళీగా పెడితే తీసుకోదు!"

ముప్పై నాలుగు. నలభై నౌకల సైఫర్ రాసిన మనిషి ఒక్క క్షణం ఆలోచించింది.

"రాయండి," అంది. "మా అల్లుడికి నా పుట్టినరోజు గుర్తుంది."

ఫిల్టర్ వేలు ఆగింది.

"రాయమన్నానా? తర్వాత సిగ్గుపడొచ్చు."

రాశాడు. నొక్కాడు. తెర మీద చిన్న చక్రం తిరిగింది. ఇంకా తిరిగింది. సొరుగులో ఫోన్ తెర మెరిసింది, సన్నగా కూత మొదలైంది. ఫిల్టర్ అత్తగారి మీదికి వంగి తన వీపును బీరువా వైపు అడ్డం పెట్టాడు.

"ఖాళీ!" స్పీకర్‌లో రోస్టరమ్మ కేక. "ఆగస్టు పంతొమ్మిది ఖాళీ బాబూ! ఇవాళ్టి గడి నిండింది!"

కూత ఆగింది. సొరుగులోని గడి తెల్లబడింది. పన్నెండూ ముప్పై ఐదు వచ్చింది, వెళ్ళిపోయింది. కింద చెప్పుల బేరం ఇంకా తెగలేదు.

కాసేపటికి అత్తగారు తడుముకుంటూ చెయ్యి చాపింది. అది అల్లుడి భుజానికి తగిలి తడిసింది.

"లోతుగా తెగిందా?"

"తుప్పు నీళ్ళండీ."

"చాల్లెండి. ఫిల్టర్లు అమ్మేవాళ్ళ వీపు మీద కత్తిగాట్లు ఉండవని నాకు పెళ్ళైన ఏడాదే తెలుసు. మామిడిరంగు చొక్కా మార్చుకునేటప్పుడు చూశాను."

"మరి మీరు... లెక్కల టీచరు?"

"మీరు అడగలేదు, నేను చెప్పలేదు. అమ్మాయికి మాత్రం ఇద్దరం చెప్పొద్దు. కంగారుపడుతుంది." లేచి అతని మోచెయ్యి పట్టుకుంది. "మెట్లు కనబడవు. నెమ్మదిగా తీసుకెళ్ళండి."

---

సాయంత్రం విమానం దిగిన పెద్దాయన సంతకం పెట్టాడు. సీలు విప్పి, ఐదో మనిషి పేరును అత్యంత రహస్యంగా హెడ్డు చెవిలో చెప్పారు. హెడ్డు ఆశ్చర్యపోయినట్టు నటించాడు. అప్పటికే అత్తగారు నల్లకళ్ళద్దాలతో కింది గదిలో కూర్చుని, సైఫర్ తాళం మార్పును నోటితో చెప్పి రాయిస్తోంది. రాసేవాడు ఒక సున్నా తప్పు రాస్తే మొదటినుంచీ రాయిస్తోంది.

పై గదిలో ఫిల్టర్ భుజానికి పదహారు కుట్లు పడుతున్నాయి.

"ఆ పోస్టు తీసేయించనా?" అడిగాడు హెడ్డు. "మొక్కల బ్లాగులో అల్లుడి సంగతేంటని జనం అడుగుతారు."

"వీల్లేదు సార్," అంది రోస్టరమ్మ. అప్పటికే ఆ నెల ప్రింటు తీసి గోడకు అంటించింది. ఇవాళ్టి గడిలో, పన్నెండూ ముప్పై నాలుగు దగ్గర, ఒకే ఒక్క వాక్యం. "ఒకసారి గడిలో పడ్డాక మార్చడం నా సర్వీసులో లేదు."

ఫిల్టర్ ఒంటిచేత్తో ఫోన్ తీసి పోస్టు కింద చూశాడు. నాలుగు వందల పన్నెండు కామెంట్లు. అన్నిటికన్నా పైన ఎవరో అభిమాని అడిగిన ప్రశ్న: "మేడమ్, ఇది ఏ మొక్క? ఎండలో పెట్టాలా, నీడలోనా?"

సూది చర్మంలోంచి దూరుతుంటే పళ్ళు బిగించి, ఫిల్టర్ జవాబు టైపు చేశాడు.

"ఎక్కడ పెట్టినా బతుకుతుందండీ. పుట్టినరోజు మాత్రం మర్చిపోకండి."